తలుపు తీయగలిగే మనిషి ముందు, సెన్సర్ తర్వాత: నరసరావుపేటలో ఒంటరిగా ఉంటున్న ఒక పెద్దావిడ ఇంటి భద్రతపై కేస్ స్టడీ

నేపథ్యం

ఈ కేస్ స్టడీలోని పెద్దావిడకు 78 ఏళ్లు. ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేశారు. వీధిలో అందరూ పిలిచినట్టే ఇక్కడ కూడా టీచర్‌గారు అనే రాస్తాను. గోప్యత కోసం పేరు, వీధి, కుటుంబ వివరాలు ఇవ్వడం లేదు. భర్త పోయాక నరసరావుపేటలోని సొంత ఇంటి కింది వాటాలో ఒంటరిగా ఉంటున్నారు. పైవాటాలో ఒక కుటుంబం అద్దెకుంటోంది. కొడుకు న్యూజెర్సీలో, కూతురు హైదరాబాద్‌లో ఉంటారు. ఇద్దరూ తమ దగ్గరికి రమ్మని అడుగుతూనే ఉన్నారు, ఆవిడ మాత్రం ఆ ఇల్లు వదలనని స్పష్టంగా చెప్పారు. వృద్ధుల పునరావాసంలో పనిచేసే ఫిజియోథెరపిస్టుగా నేను ఈ నిర్ణయాన్ని మార్చవలసిన మొండితనంగా చూడలేదు. చికిత్స దాని మీదే నిలబడాలని అనుకున్నాను.

ఫిబ్రవరిలో ఒకరోజు తెల్లవారుజామున నాలుగు గంటల ప్రాంతంలో ఆవిడ బాత్రూమ్‌లో పడిపోయారు. ఫోన్ పడకగదిలో చార్జింగ్‌కు పెట్టి ఉంది. కేక వేశారు గానీ పైవాటాలో ఫ్యాన్ల చప్పుడులో ఎవరికీ వినిపించలేదు. ఏడింటికి పనిమనిషి వచ్చి తలుపు తట్టి, లోపలి నుంచి మూలుగు విని పైవాళ్లను పిలిచింది. వీధి తలుపుకు లోపల అడ్డగడియ వేసి ఉండటంతో పెరటి తలుపు గొళ్లెం ఊడగొట్టి లోపలికి వెళ్లారు. బాత్రూమ్ తలుపుకూ లోపల గడియ ఉంది, పైగా ఆ తలుపు లోపలికి తెరుచుకునేది, ఆవిడ దానికి అడ్డంగా పడి ఉన్నారు. పడిన మనిషికి దెబ్బ తగలకుండా ఆ తలుపు తీయడానికే చాలాసేపు పట్టింది.

మణికట్టు ఎముక చిట్లింది, తుంటి కమిలింది, తుంటి ఎముక మాత్రం విరగలేదు. అయితే ఎముక సంగతి ఎంత ముఖ్యమో, నేలమీద పడి ఉన్న మూడు గంటల సంగతి కూడా అంతే ముఖ్యం. గంటకు మించి లేవలేక ఒకే భంగిమలో పడి ఉంటే, అదిమిపడిన కండరం దెబ్బతిని అందులోని పదార్థాలు రక్తంలో కలిసి మూత్రపిండాలకు హాని చేయవచ్చు. చర్మం ఒరుసుకుపోయి పుండ్లు పడవచ్చు. ఒంట్లో నీరు తగ్గిపోతుంది. అందుకే ఆసుపత్రిలో ఎక్స్‌రేతో పాటు మూత్రపిండాల పనితీరును తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష కూడా చేశారు, అది అదుపులోనే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో ఏటా సుమారు 6,84,000 మంది పడిపోవడం వల్ల చనిపోతున్నారు, వారిలో 60 ఏళ్లు దాటినవారే ఎక్కువ.

పరీక్షించినప్పుడు తెలిసినవి

మణికట్టుకు కట్టు ఉండగానే నేను మొదటిసారి చూశాను. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవడానికి ఆవిడకు 19 సెకన్లు పట్టింది. ఈ పరీక్షలో 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పట్టినవారికి పడే ప్రమాదం ఉన్నట్టుగా అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ సి.డి.సి. మార్గదర్శకాలు పరిగణిస్తాయి. పడుకుని ఉన్నప్పుడు 148/84 ఉన్న రక్తపోటు, లేచి నిలబడ్డ మూడు నిమిషాల్లోపు 122/76కు పడిపోయింది. పై అంకె 20 లేదా కింది అంకె 10 తగ్గితేనే నిలబడినప్పుడు రక్తపోటు పడిపోయే సమస్యగా గుర్తిస్తాం, ఈవిడకు 26 తగ్గింది. రాత్రి పడుకోబోయే ముందు ఒక బి.పి. మాత్ర, ఎప్పుడో అలవాటైన నిద్రమాత్ర వేసుకుంటున్నారు. కుడి కంట్లో శుక్లం ముదిరి ఉంది. రాత్రిపూట రెండు మూడుసార్లు మూత్రానికి లేస్తారు.

ఇవన్నీ కలిపి చూస్తే ఆ తెల్లవారుజామున ఏం జరిగిందో అర్థమవుతుంది. నిద్రమత్తులో, తగ్గిన రక్తపోటుతో, చీకట్లో, ఒక కంటిచూపుతో, తడి ఆరని నున్నటి బండల మీద నడిచారు. ఇందులో ఏ ఒక్కదాన్నీ సెన్సర్ సరిచేయదు. కాబట్టి మొదట రాసింది వైద్యుడికి ఉత్తరమే. ఆయన బి.పి. మాత్ర వేళ మార్చి, నిద్రమాత్రను కొన్ని వారాల్లో మెల్లగా తగ్గించి మానిపించారు. మంచం మీద లేచి కూర్చుని, పాదాలను కాసేపు పైకీ కిందికీ ఆడించి, ఆ తర్వాతే నిలబడటం ఆవిడకు నేర్పించాను. కాళ్ల బలానికి, తూలకుండా నిలబడటానికి రోజూ చేసే వ్యాయామాలు మొదలుపెట్టించాను.

కుటుంబం అనుకున్నది, ఆవిడ కాదన్నది

కొడుకు అప్పటికే రెండు పనులు చేశారు: పడిపోతే పసిగట్టే చేతి గడియారం పంపించారు, గదిగదికీ కెమెరాలు పెట్టించడానికి ఒక షాపువాళ్లతో మాట్లాడారు. దూరాన ఉన్న బిడ్డకు కలిగే భయం నాకు తెలుసు, ఆ రెండు ఆలోచనలూ ప్రేమతో వచ్చినవే. అయినా ఆవిడ దినచర్య తెలుసుకున్నాక రెండూ ఆ ఇంటికి సరిపడవని తేలింది.

గడియారాల్లోని ఈ ఏర్పాటు పనికిరానిదేమీ కాదు. ఆపిల్ వాచ్‌లో ఇది 2018 నుంచి ఉంది. గట్టిగా పడి, ఆ తర్వాత సుమారు నిమిషంపాటు కదలిక లేకపోతే గడియారమే అత్యవసర నంబరుకు ఫోన్ చేస్తుంది. అయితే గోడ పట్టుకుని మెల్లగా జారి కూలబడితే అది గుర్తించకపోవచ్చు. అంతకంటే పెద్ద ఇబ్బంది ఆవిడ ఉదయాల్లోనే ఉంది. తెల్లవారకముందే లేచి స్నానం చేస్తారు, మడి కట్టుకుని పూజ ముగించేదాకా ఒంటిమీద మరే వస్తువూ ఉంచుకోరు. అంటే పడే ప్రమాదం అన్నిటికంటే ఎక్కువగా ఉన్న గంటన్నరలో గడియారం చేతికి ఉండదు. మడి విషయంలో ఆవిడతో వాదించే హక్కు నాకు లేదు, అవసరమూ లేదు. ఒంటిమీద వేసుకునే అలారాలు ఉండి కూడా అక్కరకు రాకపోవడం ఇక్కడి సమస్య మాత్రమే కాదు. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో తొంభై ఏళ్లు దాటినవారి మీద జరిపి 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన పరిశీలనలో, ఒంటరిగా పడి లేవలేకపోయినవారిలో అలారం అందుబాటులో ఉన్నవాళ్లు కూడా చాలామంది దాన్ని వాడలేదని తేలింది.

కెమెరాల మాట వచ్చినప్పుడు ఆవిడ వీడియో కాల్‌లో కొడుకుతో అన్న మాట ఇది: "నాన్నా, నేను పడకుండా చూడు, నన్ను చూస్తూ కూర్చోకు." దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు. చివరికి వీధి గేటు వైపు ఒకే కెమెరా పెట్టడానికి ఒప్పుకున్నారు, అదీ గేటు దగ్గరికి వచ్చింది ఎవరో తనకు తెలియాలని.

ముందు తలుపులు

ఇలాంటి ఇళ్లలో నేను మొదట వేసే ప్రశ్న ఒక్కటే: ఈ మనిషి తెల్లవారుజామున పడితే, పది నిమిషాల్లో పక్కకు చేరగలిగేది ఎవరు, లోపలికి ఎలా వస్తారు? న్యూజెర్సీలో ఉన్న కొడుక్కి అలర్ట్ వెళ్లడంలో ఒక సౌకర్యం ఉంది, ఇక్కడ రాత్రి రెండు గంటలైతే వేసవిలో అక్కడ సాయంత్రం నాలుగున్నర, ఆయన మెలకువగానే ఉంటారు. కానీ ఆయన చేయగలిగేది మళ్లీ ఇక్కడికి ఫోన్ చేయడమే. కూతురు హైదరాబాద్ నుంచి రావడానికి గంటలు పడుతుంది. 108 వాహనం వచ్చినా గడియ వేసిన తలుపు ముందు ఆగవలసిందే. కాబట్టి ఎలక్ట్రానిక్ వస్తువులు కొనకముందే వడ్రంగిని పిలిపించాం.

బాత్రూమ్ తలుపుకు బందులు మార్చి వసారా వైపుకు తెరుచుకునేలా చేశారు. లోపలి గడియ తీసేసి, బయటి నుంచి నాణెంతో తిప్పినా తెరుచుకునే గొళ్లెం బిగించారు. వీధి తలుపు అడ్డగడియ విషయంలో మాత్రం చాలా చర్చ జరిగింది, ఒంటరి ఆడమనిషికి ఆ గడియ ఇచ్చే ధైర్యాన్ని తేలిగ్గా తీసేయలేం. లోపలి నుంచి చేత్తో, బయటి నుంచి తాళంచెవితో తెరుచుకునే బలమైన తాళం వేసి, వరండాకు ఉన్న ఇనుప గ్రిల్‌ను అలాగే ఉంచి, రెండింటి తాళంచెవుల జతను పైవాటా వాళ్లకూ, మరొక జతను ఎదురింటి వాళ్లకూ ఇచ్చాం. గ్రిల్‌కు తాళం పడుతుంది కాబట్టి ఆవిడ అడ్డగడియ వేయకుండా పడుకోవడానికి ఒప్పుకున్నారు. నా అభిప్రాయంలో ఈ కేసులో జరిగిన అన్ని మార్పుల్లోకీ విలువైనది ఇదే.

తాపీమేస్త్రీ కమోడ్ పక్కన, స్నానం చేసే చోట పట్టుకునే స్టీల్ కడ్డీలు బిగించారు. పాత సున్నపు గోడ కావడంతో టైల్‌కు అంటించే రకం వద్దని చెప్పాను. గోడలోకి లోతుగా బోల్టులు దించి, ఒక మనిషి బరువంతా వేసి లాగి చూశాకే వాడనిచ్చాం. పొట్టి పీట మీద కూర్చుని చెంబుతో పోసుకునే అలవాటును, అదే బకెట్టు, అదే చెంబు ఉంచి, చేతులున్న ఎత్తు కుర్చీకి మార్చాం. గడపల దగ్గర ఒక విషయం గమనించాను. పసుపు రాసి బొట్లు పెట్టిన వీధి గడపా, వంటింటి గడపా మసక కంటికి కూడా స్పష్టంగా కనబడుతున్నాయి, ఆవిడ వాటిని ఎప్పుడూ తన్నుకోలేదు. తన్నుకునేది ఏ రంగూ లేని బాత్రూమ్ గడపనే. దానికి మెరిసే పసుపు పెయింట్ వేయించాం.

సెన్సర్లు, పల్నాటి ఎండ

ఇంత జరిగాక అలారం పని మొదలుపెట్టాం. మొదటిది చాలా సాదా వస్తువు: బాత్రూమ్‌లో ఒక లాగుడు తాడు. గోడ పైభాగంలోని మీట నుంచి దాదాపు నేలకు ఆనేదాకా వేలాడుతుంది. నేలమీద పడి ఉన్న మనిషి చేతికి అందకపోతే తాడు ఉండి ప్రయోజనం లేదు కాబట్టి ఆ పొడవు అవసరం. లాగితే పైవాటాలో గంట మోగుతుంది. ఇది బ్యాటరీతో పనిచేసే రేడియో గంట, ఇంటర్నెట్ అక్కర్లేదు. బకెట్టుకు అడ్డమని ఎవరూ తాడును పైకి ముడివేయకుండా చూడమని కూడా చెప్పవలసి వచ్చింది.

రెండోది, తాడు లాగలేని స్థితి కోసం పెట్టిన ఏర్పాటు. మొదట అందరూ చెప్పేది కదలికను పసిగట్టే ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్. ఇది మనిషిని చూడదు. మనిషి ఒంటి వేడికీ, వెనకున్న గోడ వేడికీ మధ్య తేడా కదలడాన్ని మాత్రమే గుర్తిస్తుంది. చలిదేశాల్లో ఆ తేడా ఏడాదంతా ఉంటుంది. పల్నాడులో మే నెల మధ్యాహ్నం గోడలు మనిషి చర్మం వేడికి దాదాపు సమానంగా కాగి ఉన్నప్పుడు తేడా చెరిగిపోతుంది, మనిషి తిరుగుతున్నా సెన్సర్‌కు ఏమీ కనబడదు. దీనికి తోడు ఇంకొకటి: గోడమీది బల్లి సెన్సర్ కంటికి అడ్డంగా పాకితే అది మనిషి అలికిడిగానే నమోదవుతుంది. మొదటిది అనవసరపు హెచ్చరికకు దారితీస్తుంది. రెండోది అంతకంటే ప్రమాదకరం, మనిషి పడి ఉన్నా అంతా బాగానే ఉందని చెబుతుంది. రేడియో తరంగాలతో కదలికను పసిగట్టే రాడార్ సెన్సర్లకు వేడితో పనిలేదు గానీ తిరిగే సీలింగ్ ఫ్యాన్‌ను, ఊగే కర్టెన్‌ను మనిషిగా పొరబడే అవకాశం ఉంది. ఫ్యాన్ లేకుండా గడవని ఇంట్లో వాటిని పెట్టించడానికి నేను సిద్ధపడలేదు.

అందుకని ప్రధానంగా అయస్కాంతంతో పనిచేసే తలుపు సెన్సర్లను ఎంచుకున్నాం: బాత్రూమ్ తలుపు, పెరటి తలుపు, ఫ్రిజ్ తలుపు. ఎండ ఎంతున్నా తలుపు తెరిచిందీ మూసిందీ అవి సరిగ్గానే చెబుతాయి. రాత్రి గోడలు కాస్త చల్లబడ్డాక వాడుకోవడానికి మంచానికీ బాత్రూమ్‌కూ మధ్య మాత్రం ఒక ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ పెట్టాం, దాని ముఖ్యమైన పని దారిలో నేలకు దగ్గరగా ఉన్న దీపాలు వెలిగించడం. బాత్రూమ్ తలుపు కదిలాక 40 నిమిషాల్లో ఇంట్లో మరెక్కడా అలికిడి లేకపోతే హెచ్చరిక వెళుతుంది. ఉదయం ఏడున్నరకల్లా బాత్రూమ్ తలుపు గానీ, ఫ్రిజ్ తలుపు గానీ తెరుచుకోకపోయినా వెళుతుంది. పొద్దున్నే పాలగిన్నె కోసం ఫ్రిజ్ తీయడం ఆవిడ ఎప్పుడూ తప్పని అలవాటు కాబట్టి ఈ రెండో నియమం బాగా కుదిరింది.

హెచ్చరిక వరుస ఇది. ముందు ఆవిడ ల్యాండ్‌లైన్ మోగుతుంది. ఎత్తకపోతే పైవాటా వాళ్లకు, తర్వాత ఎదురింటికి, అప్పుడే కూతురికి, కొడుక్కి. పిల్లలు చివర ఉండటం కొడుక్కి మొదట నచ్చలేదు. చేరగలిగేవాళ్లకు ముందు తెలియాలని వివరించాక ఆయనే ఆ వరుసను కాగితం మీద పెద్ద అక్షరాలతో టైపు చేసి పంపించారు, అది ఇప్పుడు ఫ్రిజ్ మీద అంటించి ఉంది. 108, 112 నంబర్లు, పెద్దల సలహా సహాయాల కోసం ఉన్న ఎల్డర్‌లైన్ 14567, సైబర్ మోసాల ఫిర్యాదుకు 1930 కూడా దాని మీదే ఉన్నాయి. చివరి నంబరుకు కారణం ఉంది: పోలీసులమని బెదిరించి డబ్బు లాగే ఫోన్లు ఒంటరి పెద్దవాళ్లకు ఎక్కువగా వస్తున్న కాలమిది. అందుకే ఈ ఏర్పాటుకు సంబంధించిన ఏ యాప్‌నూ ఆవిడ ఫోన్‌లో వేయలేదు, అంతా కూతురి ఫోన్‌లోనే ఉంది.

కరెంటు పోయినప్పుడు రూటర్ ఆగకుండా ఇన్వర్టర్ లైనుకు కలిపాం. వీధిలోని కేబుల్ ఆపరేటర్ పెట్టెకే కరెంటు లేకపోతే ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా లాభం లేదు కాబట్టి సెన్సర్ల పెట్టెలో ఒక సిమ్ కూడా వేయించాం.

పిల్లలకు కనబడేది హెచ్చరిక మాత్రమే. ఆవిడ రాత్రి ఎన్నిసార్లు లేచారు, ఎప్పుడు తిన్నారు వంటి పట్టిక వాళ్లకు కనబడదు. నెల దాటిన వివరాలు చెరిగిపోతాయి. ఊరెళ్లేటప్పుడు ఆవిడే ఒక మీటతో అంతా ఆపేయవచ్చు. ఈ షరతులు ఆవిడ పెట్టినవే, లెక్కల టీచర్‌గా ఒక్కొక్కటీ అడిగి రాయించుకున్నారు.

వంటిల్లు, పూజగది

వంటింట్లో గ్యాస్ లీకును పసిగట్టే పరికరాన్ని ఒక షాపువాళ్లు కంటి ఎత్తున బిగించి వెళ్లారు. ఎల్‌.పి.జి. గాలికంటే బరువైనది, నేల వెంట పరుచుకుంటుంది, కనుక దాన్ని నేలనుంచి అడుగు ఎత్తుకు దింపించాం. వయసుతో వాసన పట్టే శక్తి తగ్గుతుంది కాబట్టి గ్యాస్‌లో కలిపే ఘాటు వాసన మీదే ఆధారపడకూడదు. పాలు, కాఫీ డికాషన్ కోసం దానంతటదే ఆగిపోయే ఇండక్షన్ పొయ్యి ఇచ్చాం. గ్యాస్ పొయ్యి మీద వంట పనిమనిషి ఉన్నప్పుడే చేస్తారు. పొగను పసిగట్టే అలారం పూజగది దగ్గర పెడితే సాంబ్రాణి వేసినప్పుడల్లా మోగుతుంది, మోగి మోగి చివరికి ఎవరో ఒకరు దాన్ని పీకేస్తారు. దాన్ని హాల్లో పెట్టి, దీపాన్ని గాజు చిమ్నీలో, చీర కొంగు అందని ఎత్తులో ఇత్తడి పళ్లెం మీద పెట్టించాం.

ఏం మారింది

మూడు నెలలకు నడక పరీక్ష 14 సెకన్లకు వచ్చింది, నిలబడినప్పటి రక్తపోటు తగ్గుదల 12కు దిగింది. మాట విని పనిచేసే స్పీకర్ ఒకటి కూతురు కొనిచ్చారు గానీ ఆవిడ మాటతీరు దానికి అందలేదు, రెండు వారాలకే తీసి పక్కన పెట్టించారు. మొదటి నెలలో అనవసరపు హెచ్చరికలు కొన్ని వచ్చాయి, ఎక్కువగా ఆవిడ పెరట్లో మొక్కలకు నీళ్లు పోస్తూ ఉండిపోయినప్పుడు. పెరటి తలుపు తెరిచి ఉన్నంతసేపూ లెక్క ఆగేలా నియమం మార్చాక తగ్గాయి.

మే నెలలో విరేచనాలతో నీరసించి, ఉదయం స్నానాల కుర్చీలోంచి లేవబోతూ మెల్లగా నేలకు జారారు. గడియారం పెట్టుకుని ఉన్నా అది గుర్తించి ఉండేది కాదేమో, పైగా పెట్టుకునే వేళ కాదు. తాడు లాగారు. పైవాటా ఆవిడ తాళంచెవితో కిందికి వచ్చి, బాత్రూమ్ గొళ్లెం నాణెంతో తిప్పి తలుపు తీశారు. టీచర్‌గారిని వెంటనే లేపకుండా, పక్కకు ఒత్తిగిల్లించి కుర్చీ ఆసరాతో కూర్చోబెట్టారు, ఎలా లేపాలో నేను ముందే నేర్పించి ఉన్నాను. గంట మోగాక ఆవిడ నేలమీద ఉన్నది పది నిమిషాలలోపే. వైద్యుడు సెలైన్ పెట్టి, ఆ వారానికి బి.పి. మాత్ర మోతాదు తగ్గించారు.

ఖర్చులో ఎక్కువ భాగం వడ్రంగికీ, తాపీమేస్త్రీకీ వెళ్లింది, సెన్సర్లకు అయింది అంతకంటే తక్కువ. ఈ మాట పిల్లలకు ప్రత్యేకంగా చెబుతాను, ఎందుకంటే ఆన్‌లైన్‌లో కొని పంపగలిగేది సెన్సర్ ఒక్కటే. బందులు మార్పించడానికి ఎవరో ఒకరు ఇంటికి వచ్చి నిలబడాలి.

ఇంకా మిగిలిన పనులు

ఈ ఏర్పాటులో బలహీనమైన చోటు పైవాటాయే. అద్దెకున్నవాళ్లు ఎప్పుడైనా ఖాళీ చేయవచ్చు, సెలవులకు ఊరెళ్లవచ్చు. ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు ఈ బాధ్యత గురించి ముందే మాట్లాడుకోవాలని, పైవాటా ఖాళీగా ఉన్న రోజుల్లో గంటను ఎదురింటికి మార్చాలని కుటుంబం ఒప్పుకుంది. వీధి దాటి అంతదూరం రేడియో అందుతుందో లేదో ఇంకా పరీక్షించి చూడాలి. ప్రతి నెలా మొదటి ఆదివారం ఉదయం ఆవిడే తాడు లాగి, ఎంతసేపటికి తలుపు తెరుచుకుందో నోటుబుక్కులో రాస్తున్నారు. బ్యాటరీలు మార్చిన తేదీలూ అందులోనే ఉన్నాయి. కుడి కంటి శుక్లానికి ఆపరేషన్ దసరా తర్వాత చేయించుకోవడానికి ఒప్పుకున్నారు. ఆపరేషన్‌తో చూపు మారాక మెట్ల లోతు అంచనా కొన్నాళ్లు తడబడుతుంది కాబట్టి ఆ వారాల్లో కూతురు వచ్చి ఉంటారు, నడక పరీక్ష మళ్లీ చేస్తాను.